లేబుల్ మీద 1855, నాలుక మీద వగరు: పాత కుటుంబాల రెడ్ వైన్‌లో ఏది రుచి, ఏది కథ

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో విదేశాల్లో ఉన్నవాళ్లు పండక్కి ఇంటికొచ్చినప్పుడు పెట్టెలోంచి చాక్లెట్లతో పాటు ఒక వైన్ సీసా బయటికి తీయడం ఇప్పుడు పెద్ద వింతేమీ కాదు. బయటి నుంచి వచ్చే ప్రయాణికుడు రెండు లీటర్ల వరకు మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. ఆ సీసా మీద ఫ్రెంచిలోనో ఇటాలియన్‌లోనో ఏదో రాసి ఉంటుంది, ఒక కోట బొమ్మ ఉంటుంది, ఒక పాత సంవత్సరం ఉంటుంది. తెచ్చినవాడు "ఇది రెండొందల ఏళ్ల ఫ్యామిలీ ఎస్టేట్‌ది" అంటాడు. తాగినవాడు మొహం చిట్లిస్తాడు.

దీనికి తోడు సుంకాల వార్తలొకటి. ఆస్ట్రేలియాతో మన వాణిజ్య ఒప్పందం 2022 డిసెంబర్ నుంచి అమల్లో ఉంది. యూరోపియన్ యూనియన్‌తో చర్చలు ముగిశాయని 2026 జనవరిలో ప్రకటించారు. విదేశీ వైన్ చవకవుతుందన్న మాట అప్పటి నుంచి గట్టిగా వినిపిస్తోంది. చవకైతే దేనికి చవక? అసలు అంత ధర ఎందుకు? అందులో రుచి వాటా ఎంత, పేరు వాటా ఎంత? ఈ ప్రశ్నలన్నీ కలిసి ముడిపడిపోయాయి. ఒక్కో పోగూ విడదీద్దాం.

ముందు రెండు మాటలు: వైన్, ఎస్టేట్

మన ఊళ్లలో "వైన్స్" బోర్డున్న షాపులో దొరికేది ఎక్కువగా బ్రాందీ, విస్కీ, బీరు. ఇక్కడ మాట్లాడుతున్న వైన్ వేరు. ద్రాక్షరసాన్ని పులియబెడితే వచ్చేది, బట్టీలో కాచనిది. ఆల్కహాలు మామూలుగా 12 నుంచి 15 శాతం మధ్య ఉంటుంది. రెడ్ వైన్‌కి నల్లద్రాక్షను తొక్కలతో, గింజలతో సహా పులియబెడతారు. రంగు తొక్కలోంచే వస్తుంది. నాలుకని బిగబట్టే వగరు కూడా తొక్కలోంచి, గింజలోంచి వస్తుంది. దానికి కారణమైన పదార్థాల పేరు టానిన్లు. టీ డికాక్షన్‌లో ఉండేవి కూడా ఆ జాతివే.

ఎస్టేట్ అనగానే మన పెద్దవాళ్లకి గుర్తొచ్చేవి విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి. స్వాతంత్ర్యం వచ్చాక జమీందారీ రద్దు చట్టాలతో అవి పోయాయి. ఆ ఎస్టేట్లలో సాగు రైతుది, శిస్తు జమీందారుది. వైన్ ఎస్టేట్ అలా కాదు. తోట, పిండే శాల, పీపాలు పెట్టే గిడ్డంగి, సీసాలు నింపే చోటు అన్నీ ఒకే యాజమాన్యం కింద ఉంటాయి. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో దీన్ని షాటో అంటారు. మాటకి కోట అనే అర్థం ఉన్నా కోట ఉండి తీరాలని లేదు. లియోవిల్ బార్టన్ అనే ప్రసిద్ధ షాటోకి సొంత కోటే లేదు. లేబుల్ మీది బొమ్మ పక్కనే ఉన్న లాంగోవాది. రెండూ ఒకే కుటుంబానివి కాబట్టి వైన్ కూడా లాంగోవాలోనే తయారయ్యేది.

ఒక లేబుల్‌ని విప్పి చూస్తే

ఉదాహరణకి లియోవిల్ బార్టన్ సీసానే తీసుకుందాం. లేబుల్ మీద ఐదు సంగతులు ఉంటాయనుకోండి: షాటో పేరు, "సాన్ జూలియాన్", "గ్రాండ్ క్రూ క్లాసే 1855", "మిజ్ ఆన్ బుతేయ్ ఓ షాటో", 2016.

సాన్ జూలియాన్ ఊరి పేరు. ఆ ఊరి పరిధిలోని తోటల్లో, ఆ ప్రాంతానికి పెట్టిన నిబంధనల ప్రకారం పండిన ద్రాక్షతోనే చేశారని దానర్థం. చట్టబద్ధమైన హామీ ఇది. "మిజ్ ఆన్ బుతేయ్ ఓ షాటో" అంటే సీసాలో నింపింది కూడా ఆ ఎస్టేట్‌లోనే అని. ఒకప్పుడు బోర్డో వైన్‌ని పీపాల్లో వ్యాపారులకి అమ్మేవారు, వాళ్లు తమ గోదాముల్లో సీసాల్లోకి పోసేవారు, మధ్యలో ఏం కలిపారో ఎవరికీ తెలిసేది కాదు. అందుకే ఆ మాటకి విలువ. 2016 అంటే ద్రాక్ష కోసిన ఏడాది. అమ్మిన ఏడాది కాదు, ఎస్టేట్ పుట్టిన ఏడాదీ కాదు.

ఎక్కువ మందిని తికమక పెట్టేది 1855. ఆ ఏడాది పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం మూడో నెపోలియన్ బోర్డో వైన్ల జాబితా అడిగాడు. అక్కడి దళారులు ఐదు తరగతులుగా జాబితా రాసిచ్చారు. వాళ్లు కూర్చుని రుచి చూసి మార్కులు వేయలేదు. ఏ షాటో వైన్ ఏళ్ల తరబడి ఎంత ధర పలికిందో చూసి వరుస పెట్టారు. అదే జాబితా దాదాపుగా నేటికీ నడుస్తోంది. పెద్ద మార్పంటే 1973లో మూతోన్ రోత్‌షీల్డ్‌ని రెండో తరగతి నుంచి మొదటి తరగతికి ఎక్కించడం. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ హోదా షాటో పేరుకి ఇచ్చింది, నేలకి కాదు. ఆ ఊరి పరిధిలో పక్క తోట కొని కలుపుకున్నా హోదా అలాగే ఉంటుంది. కాబట్టి 1855 ముద్ర చూసి "170 ఏళ్లుగా ఇదే నేల, ఇదే నాణ్యత" అనుకుంటే పొరపాటే. అలాగని అది వట్టి అలంకారం కూడా కాదు. అప్పట్లో ఎక్కువ ధర పలికిన తోటలు చాలావరకు నీళ్లు నిలవని గులకరాళ్ల దిబ్బల మీద ఉన్నవి. ఆ దిబ్బలు ఎక్కడికీ పోలేదు.

కుటుంబం పేరు చూసి కొనేవాళ్లు పప్పులో కాలేసే చోటు మరొకటి ఉంది. మూతోన్ కాడే అనే వైన్ రోత్‌షీల్డ్ కుటుంబానిదే. 1930లో మొదలైంది. కానీ అది మూతోన్ తోట వైన్ కాదు, బోర్డో అంతటా సేకరించిన దానితో చేసే బ్రాండు. మంచిదా చెడ్డదా అన్నది వేరే సంగతి, అది ఎస్టేట్ వైన్ మాత్రం కాదు. అలాగే పెద్ద షాటోలు చాలా వాటికి "సెకండ్ వైన్" ఉంటుంది. లేత తీగల కాపు, మొదటిదానికి ఎంపిక కాని పీపాలు అందులోకి వెళ్తాయి. పేరు దగ్గరగా ఉంటుంది, ధర సగమో అంతకన్నా తక్కువో.

కుటుంబం చేతిలో ఉంటే ఏమవుతుంది

థామస్ బార్టన్ ఐర్లండ్ నుంచి బోర్డోకి వచ్చి వైన్ వ్యాపారం మొదలుపెట్టింది 1720లలో. బుస్సీ ఫిరంగులతో విజయరామరాజు పక్షాన బొబ్బిలి మీదికి వచ్చిన 1757లో ఆయన అక్కడ బతికే ఉన్నాడు, వ్యాపారం నడుస్తూనే ఉంది. ఆయన మనవడు హ్యూ బార్టన్ 1821లో లాంగోవాని, 1826లో లియోవిల్‌లో ఒక భాగాన్ని కొన్నాడు. ఆ రెండూ ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉన్నాయి.

"ఒక భాగం" దగ్గర కాస్త ఆగాలి. లియోవిల్ ఒకప్పుడు ఒకే పెద్ద ఎస్టేట్. ఫ్రెంచి విప్లవం తరవాత వారసుల గొడవల్లో, అమ్మకాల్లో ముక్కలై మూడయింది: లాస్ కాజ్, పోయ్‌ఫెరె, బార్టన్. మూడింటికీ 1855లో రెండో తరగతే దక్కింది. నేడు మూడు వేర్వేరు కుటుంబాలవి. పక్కపక్క తోటలే అయినా మూడు వైన్లూ ఒకేలా ఉండవు.

దీని వెనక ఉన్నది 1804 నాటి నెపోలియన్ వారసత్వ చట్టం. ఆస్తి పిల్లలందరికీ పంచాలి. మన దగ్గర తాత పదెకరాలు నలుగురికి, ఆ నలుగురివీ మళ్లీ పన్నెండు మందికి పంచితే చివరికి గట్లే మిగిలినట్టు, ఫ్రాన్స్‌లోనే ఉన్న మరో వైన్ ప్రాంతం బర్గండీలో అదే జరిగింది. అక్కడ క్లో ద వూజో అనే ఒకే గోడ లోపలి తోట సుమారు 50 హెక్టార్లు, యజమానులు 80 మంది వరకు. అందరి లేబుల్ మీదా అదే తోట పేరు. కొందరి సీసా అద్భుతం, కొందరిది అంతంత మాత్రం. బోర్డోలో మాత్రం చాలా షాటోలను కంపెనీల కింద పెట్టి వాటాలు పంచుకున్నారు, నేలని ముక్కలు చేయలేదు.

కుటుంబ యాజమాన్యం వల్ల వైన్ నిజంగా మెరుగవుతుందా అన్నదాని మీద రెండు వాదనలున్నాయి, రెండింట్లోనూ పస ఉంది.

మెరుగవుతుందనేవాళ్లు ఓపిక గురించి చెబుతారు. ద్రాక్షతీగ ముదరడానికి ఒక తరం పడుతుంది. స్పెయిన్‌లో రియోహా ప్రాంతపు లోపెజ్ ద ఎరేదియా 1877 నాటి కుటుంబ సంస్థ. పీపాలు సొంతంగా చేయించుకుంటారు. వైన్‌ని ఏళ్ల తరబడి పీపాల్లో, సీసాల్లో ఉంచి, తాగడానికి సిద్ధమైందనుకున్నాకే అమ్ముతారు. మూడు నెలలకోసారి లెక్క చెప్పాల్సిన కంపెనీ పదేళ్లు సరుకు కదలకుండా కూర్చోదు. ఇటలీలో ఆంటినోరి కుటుంబం 1385 నుంచి ఈ రంగంలో ఉంది. 1970లలో తిన్యానెల్లో అనే వైన్ కోసం స్థానిక నిబంధనలనే పక్కన పెట్టారు. దాంతో లేబుల్ మీద హోదా పోయి "టేబుల్ వైన్" అని రాసుకోవాల్సి వచ్చింది. ఆ తెగింపుకి కారణం ఒప్పించాల్సిన వాటాదారులు లేకపోవడమేనని వాళ్ల వాదన.

రెండో పక్షం దీన్ని అంత తేలిగ్గా ఒప్పుకోదు. కుటుంబమంటే ఓపికే కాదు, అన్నదమ్ముల తగువులు, అప్పులు, ఆసక్తి లేని వారసులు కూడా. డబ్బు లేక పాత పీపాలే వాడి వైన్ పాడుచేసుకున్న కుటుంబాలున్నాయి. బయటి పెట్టుబడి వచ్చాక బాగుపడిన తోటలూ ఉన్నాయి. పైగా ఫ్రాన్స్‌లో పిల్లలకి వచ్చే ఆస్తి మీద వారసత్వ పన్ను పై శ్లాబులో 45 శాతం. నేల ధర ఆకాశాన్నంటితే, వైన్ ఎంత బాగా అమ్ముడుపోతున్నా పన్ను కట్టడానికి తోటే అమ్మాల్సిన పరిస్థితి వస్తుంది. బోర్డోలో కాలోన్ సెగూర్ 2012లో, యజమానురాలు పోయాక, ఒక బీమా సంస్థ చేతికి వెళ్లింది. బర్గండీలో 1932 నుంచి ఒకే కుటుంబం దగ్గరున్న క్లో ద తార్ 2017లో ఫ్రెంచి ఫ్యాషన్ వ్యాపారులైన పినో కుటుంబపు పెట్టుబడి సంస్థకి వెళ్లింది. ఆ మర్నాటి నుంచి వైన్ రుచి మారిపోలేదు.

నాకైతే కుటుంబం అన్నది మంచి వైన్‌కి హామీలా కాదు, ఆధారంలా కనిపిస్తుంది. అదే తోట, అదే పద్ధతి చాలా ఏళ్లుగా సాగుతోందనడానికి ఆధారం. దాన్ని రుచిలో పట్టుకోవాలంటే ఒక సీసా సరిపోదు. ఆ సంగతికి కిందకి వద్దాం.

గ్లాసులో ఏం జరుగుతుంది

రుచి చూసేవాళ్లు చేసేదంతా బయటివాళ్లకి నాటకంలా ఉంటుంది. గ్లాసు వంచి చూడటం, తిప్పడం, ముక్కు పెట్టడం, పుక్కిలించడం, ఉమ్మేయడం. ప్రతి దానికీ మామూలు కారణమే ఉంది.

తెల్లకాగితం మీద గ్లాసు వంచితే అంచు రంగు తెలుస్తుంది. లేత రెడ్ వైన్ అంచున ఊదారంగు ఉంటుంది. వయసు పెరిగే కొద్దీ అది ఇటుకరంగుకి, తరవాత కపిలవర్ణానికి తిరుగుతుంది. గ్లాసు తిప్పితే వాసన పదార్థాలు గాల్లోకి లేస్తాయి. మనం రుచి అనుకునే దాంట్లో ఎక్కువ భాగం నిజానికి వాసనే. నోట్లోంచి ముక్కు వెనక దారిన పైకి వెళ్లేది. జలుబు చేసినప్పుడు కూర చప్పగా ఉండేది ఇందుకే. ఉమ్మేయడం ఎందుకంటే, ఇరవై వైన్లు మింగితే ఇరవై ఒకటోదాని గురించి చెప్పడానికి ఏమీ మిగలదు.

నోట్లో గమనించేవి ఐదు. పులుపు: దవడల పక్కన నీరూరుతుంది. వగరు: టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లకి అతుక్కుంటాయి, జారుడు పోయి చిగుళ్లు, నాలుక గరుగ్గా అవుతాయి. ఆల్కహాలు: గొంతులో వెచ్చదనం. ఒంటి బరువు: నోట్లో నీళ్లలా ఉందా, చిక్కగా ఉందా. చివరిది నిడివి: మింగాక వాసన ఎంతసేపు నిలిచింది. ఖరీదైన వైన్లకీ మామూలు వైన్లకీ తేడా ఎక్కువగా తేలేది ఈ నిడివిలోనే.

విజయనగరంలో మావయ్యగారింట్లో ఒక సాన్ జూలియాన్ సీసా తీసిన మధ్యాహ్నం ఇదంతా దగ్గరగా చూశాను. మే నెల. సీసా టీవీ కింద షోకేసులో నిలబెట్టి ఉంది. కార్క్ తీస్తే అడుగు తడిగానే ఉంది కానీ పక్కన ఒక సన్నని ఎర్రచార పైదాకా పాకింది. వేడికి లోపలి వైన్ ఉబ్బి కార్క్ పక్కనించి పైకి ఎగబాకిందన్నమాట. మొదటి గుక్కలో అంతా ఆల్కహాలే, ముక్కు మండింది. మావయ్య గ్లాసు కింద పెట్టి, "ఏటి బావూ, ఇంత డబ్బెట్టి నేరేడుపళ్ల వగరు కొనుక్కొచ్చినావేటి?" అన్నారు. సీసాని ఫ్రిజ్‌లో పెట్టి, ఓ అరగంట పోయాక మళ్లీ పోశారు. మంట తగ్గింది. నల్లటి పళ్ల వాసన, దాని వెనక దేవదారు పెట్టె తెరిచినట్టు ఒక చెక్క వాసన బయటికొచ్చాయి. వగరు మాత్రం అలాగే ఉంది. మావయ్య మాట తప్పేం కాదు, ఆయన పట్టుకున్నది టానిన్‌నే. కాబెర్నే సావిన్యోన్ ద్రాక్షతో చేసిన లేత బోర్డోలో మొట్టమొదట తెలిసేది అదే.

ఆ వగరుని ఎందుకు ఉంచుతారంటే, ఈ రకం వైన్‌ని నిలబెట్టేది అదే. ఏళ్లు గడిచే కొద్దీ టానిన్లు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవై, కొంత మడ్డిగా అడుగుకి దిగుతాయి. వగరు మెత్తబడుతుంది. పండు వాసన తగ్గి ఎండు ఆకులు, తోలు, పొగాకు లాంటి వాసనలు పైకొస్తాయి. పాత సీసాని ఒక రోజు ముందు నిలబెట్టి, మెల్లగా వేరే పాత్రలోకి వంపేది మడ్డి కలవకుండా ఉండటానికే.

ఒకే తోట, మూడు ఏళ్లు

ఎస్టేట్‌ని తెలుసుకోవడానికి నిపుణులు ఎక్కువగా ఇష్టపడేది ఒకే ఎస్టేట్ వైన్‌ని వేర్వేరు ఏళ్లవి పక్కపక్కన పెట్టి చూడటం. దీన్ని వర్టికల్ అంటారు. ఒకే ఏడాది, వేర్వేరు ఎస్టేట్లయితే హారిజాంటల్.

బోర్డో ఎస్టేట్ ఏదైనా ఒకటి అనుకుని 2003, 2013, 2016 గ్లాసులు ఊహించుకోండి. 2003లో యూరప్ అంతటా వడగాడ్పులు వచ్చాయి. ద్రాక్ష త్వరగా పండిపోయింది. అలాంటి ఏడాది వైన్‌లో పులుపు తక్కువ, పండు మగ్గి ఉడికినట్టు ఉంటుంది. 2013లో వసంతం చలిగా, తడిగా ఉంది, పూత సరిగా నిలవలేదు, కోతల వేళకి కుళ్లు పట్టింది. వైన్లు పలచగా వచ్చాయి. కాబెర్నే పూర్తిగా పండకపోతే పచ్చి క్యాప్సికం వాసన వస్తుంది, అది పైరజీన్లనే పదార్థాల వల్ల. 2016లో వసంతంలో వానలు, వేసవిలో పొడి, రాత్రులు చల్లన. పండు, పులుపు, టానిన్ మూడూ నిండుగా కుదిరిన ఏడాదిగా పేరు పడింది.

ఇక్కడే కుటుంబం మాట మళ్లీ వస్తుంది. మంచి ఏడాదిలో మంచి వైన్ చాలామంది చేస్తారు. 2013 లాంటి ఏడాదిలో పాడైన గుత్తులు ఏరి పారేసి, సగం పంటే సీసాకెక్కించడానికి సిద్ధపడినవాళ్ల గ్లాసు వేరుగా ఉంటుంది. మూడు గ్లాసుల్లో వాతావరణం మారుతుంటే, మారకుండా కనిపించేదే ఆ ఎస్టేట్ చేతివాటం. లేబుల్ మీది శతాబ్దాల కథని నాలుకతో పరీక్షించే దారి నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

ఆస్ట్రేలియాలో హెన్ష్కీ కుటుంబపు హిల్ ఆఫ్ గ్రేస్ మరో రకం ఉదాహరణ. 1860 ప్రాంతంలో నాటిన షిరాజ్ అనే నల్లద్రాక్ష తీగలు అందులో ఇంకా కాస్తున్నాయి. యూరప్‌లో 19వ శతాబ్దం రెండో సగంలో ఫిలోక్సెరా అనే వేరుపురుగు తోటల్ని నాశనం చేసింది. అప్పటి నుంచి అక్కడ అమెరికా జాతి వేరు మీద అంటు కట్టి పెంచుతున్నారు. సౌత్ ఆస్ట్రేలియాలోకి ఆ పురుగు రాలేదు కాబట్టి తీగలు సొంత వేళ్ల మీదే ఉన్నాయి. అంటే "చారిత్రక" తోటల్లో నిజంగా ముసలి తీగలున్నవి కొన్ని యూరప్ బయట ఉన్నాయి.

నిపుణుల నాలుకని ఎంతవరకు నమ్మాలి

"లవంగం, మిరియాలు, దేవదారు" అని వర్ణనలు చదివితే గొప్పలు పోతున్నారనిపిస్తుంది. కొన్ని అక్షరాలా నిజం. లవంగానికి వాసననిచ్చే యూజెనాల్, నిప్పు మీద కాల్చిన ఓక్ పీపా చెక్కలోనూ ఉంటుంది. షిరాజ్‌లో మిరియాల ఘాటుకి కారణం రొటుండోన్ అనే పదార్థమని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు తేల్చారు. మన మిరియాల్లో ఉన్నదీ అదే. విచిత్రమేమిటంటే సుమారు ఐదుగురిలో ఒకరికి ఆ వాసన అందనే అందదు. ఒకే గ్లాసు గురించి ఇద్దరు చెరో మాట చెబితే ఒకరు అబద్ధమాడుతున్నట్టు కాదు.

సందేహించేవాళ్ల దగ్గరా గట్టి ఆధారాలే ఉన్నాయి. 2001లో అచ్చయిన బోర్డో ప్రయోగంలో 54 మంది వైన్ విద్యార్థులకి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్రరంగు కలిపి ఇస్తే, దాన్ని రెడ్ వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. 2008లో అచ్చయిన కాలిఫోర్నియా ప్రయోగంలో ఒకే వైన్‌ని ఒకసారి తక్కువ ధర, ఒకసారి ఎక్కువ ధర చెప్పి ఇస్తే, ఎక్కువ ధరదే బాగుందన్నారు. మెదడు స్కానింగ్‌లో ఆనందానికి సంబంధించిన భాగం కూడా అదే చూపించింది. అంటే వాళ్లు నటించలేదు, నిజంగానే ఎక్కువ నచ్చింది. అదే ఏడాది అచ్చయిన మరో అధ్యయనంలో కాలిఫోర్నియా వైన్ తయారీదారు రాబర్ట్ హాడ్జ్‌సన్ ఒక పోటీ న్యాయనిర్ణేతలకి ఒకే సీసాలోది మూడుసార్లు తెలియకుండా ఇచ్చి చూశాడు. నిలకడగా మార్కులు వేసినవాళ్లు పదిమందిలో ఒకరే.

పేరున్న ఎస్టేట్లకి తగిలిన పెద్ద దెబ్బ 1976 మే 24న పారిస్‌లో. బ్రిటిష్ వైన్ వ్యాపారి స్టీవెన్ స్పరియర్ పెట్టిన ఆ పోటీలో ఫ్రెంచి న్యాయనిర్ణేతలే లేబుళ్లు చూడకుండా రుచి చూసి, కాలిఫోర్నియాకి చెందిన స్టాగ్స్ లీప్ 1973కి మొదటి స్థానం ఇచ్చారు. మూతోన్ 1970 రెండోది. స్టాగ్స్ లీప్ అప్పటికి పుట్టి నాలుగైదేళ్లే. బోర్డో అభిమానులు అప్పుడూ ఇప్పుడూ చెప్పే సమాధానం ఒకటుంది: అవి లేత వైన్లు, మావి ముదరాలి. కానీ 2006లో, ముప్ఫై ఏళ్లు ముదిరాక, అదే వైన్లతో మళ్లీ జరిపినప్పుడు కూడా పై స్థానాలు కాలిఫోర్నియాకే దక్కాయి.

మరి శిక్షణ వల్ల ఉపయోగమే లేదా? ఉంది. వైన్ రంగంలో పేరున్న మాస్టర్ ఆఫ్ వైన్ అనే అర్హత పరీక్షలో లేబుల్ లేని 36 వైన్లు మూడు పేపర్లలో ఇస్తారు. ద్రాక్ష రకం, ప్రాంతం, తయారీ పద్ధతి తర్కంతో చెప్పాలి. కష్టమే గానీ పాసయ్యేవాళ్లున్నారు. ఈ రెండు రకాల ఆధారాలకీ నిజానికి తగువు లేదు. పులుపెంత, టానిన్ ఎంత, ఓక్ పడిందా లేదా, వయసెంత అన్నవి శిక్షణతో బాగానే పట్టుకోవచ్చు. వందకి 95 మార్కులా 97 మార్కులా అన్నదాని మీద మాత్రం అదే మనిషి మర్నాడు అదే మాట మీద నిలబడకపోవచ్చు. నేనైతే వర్ణన చదువుతాను, అంకె వదిలేస్తాను.

మన ఎండ, మన వంట

రెడ్ వైన్ "రూమ్ టెంపరేచర్"లో ఇవ్వాలని పుస్తకాల్లో ఉంటుంది. ఆ రూము యూరప్‌లో రాతిగోడల ఇంట్లోది, 16 నుంచి 18 డిగ్రీలు. పాలకొండలోనో చీపురుపల్లిలోనో వేసవి గది దానికి రెట్టింపు. ఆ వేడిలో ఆల్కహాలు ముందు ఎగసి మిగతా వాసనల్ని కప్పేస్తుంది. నిల్వ సంగతి ఇంకా కఠినం. పాత ఎస్టేట్ల గిడ్డంగులు ఏడాది పొడవునా 12 నుంచి 14 డిగ్రీల దగ్గర ఉంటాయి. అటక మీద రెండు వేసవులు గడిపిన సీసాలో పండు వాసన ఉడికిపోతుంది. "పాతబడితే విలువ" అనే మాట చల్లటి చీకట్లో పాతబడిన వాటికే వర్తిస్తుంది. షోకేసులో పదేళ్లున్న సీసా మీద సంవత్సరం ఎంత గొప్పదైనా, లోపలి వైన్ దాదాపుగా పోయినట్టే.

వంటతో కూడా చిక్కుంది. మిరపకారం పైన టానిన్, ఆల్కహాలు పడితే మంట పెరుగుతుంది, వగరు చేదెక్కుతుంది. చేపల పులుసుతో రెడ్ వైన్ తాగితే నోట్లో నీచు, ఇనుప వాసన తేలడం చాలామందికి అనుభవమే. వైన్‌లోని ఇనుము చేప కొవ్వుతో కలిసి ఆ వాసన పుట్టిస్తుంది. పైగా చింతపండు పులుపు ముందు వైన్ పులుపు చప్పబడుతుంది. కారం తక్కువ వేసి వేయించిన మేక మాంసం దగ్గర మాత్రం కథ మారుతుంది. మాంసం ప్రొటీన్, కొవ్వు, ఉప్పు టానిన్‌ని మెత్తబరుస్తాయి.

"రెడ్ వైన్ గుండెకి మంచిది" అన్న మాట 1991లో అమెరికా టీవీ కార్యక్రమంతో బాగా పాకింది. తరవాతి పరిశోధనల్లో అది నిలవలేదు. ఏ మోతాదూ పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. ఎస్టేట్ ఎంత పాతదైనా ఆల్కహాలు ఆల్కహాలే. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివాళ్లకి అమ్మకూడదన్న చట్టం వైన్‌కీ వర్తిస్తుంది.

ధరలో ఏది ఎవరికి

ఇప్పుడు డబ్బు లెక్క. మన రేవులో దిగేసరికి ఒక సీసా విలువ 3,000 రూపాయలు అనుకుందాం. మామూలుగా దిగుమతి వైన్ మీద కేంద్రం వేసే సుంకం మొత్తం 150 శాతం: 2021 బడ్జెట్ నుంచి 50 శాతం కస్టమ్స్, 100 శాతం వ్యవసాయ సెస్. అంటే 4,500 పన్ను, సీసా 7,500కి చేరింది. ఆస్ట్రేలియా ఒప్పందంలో 15 డాలర్లు దాటిన సీసాకి సుంకం మొదట 75 శాతానికి దిగింది, పదేళ్లలో 25కి చేరాలి. అదే 3,000 సీసా 75 శాతం దగ్గర 5,250, 25 శాతం దగ్గర 3,750. ఐదు నుంచి 15 డాలర్ల మధ్య సీసాలకి 100 నుంచి మొదలై 50కి. ఐదు డాలర్ల లోపువాటికి తగ్గింపే లేదు. మన నాసిక్ రైతుకీ, బెంగళూరు నంది కొండల దగ్గరి తోటలకీ పోటీ పడకుండా పెట్టిన కంచె అది. యూరప్ ఒప్పందంలోనూ వైన్ సుంకం ఒక్కసారిగా కాదు, దశలవారీగానే తగ్గాలి.

ఈ లెక్క ఇక్కడితో ఆగదు. మద్యం జీఎస్టీ కిందకి రాదు. దాని మీద రాష్ట్రం పన్నులు, లేబుల్ రిజిస్ట్రేషన్, లైసెన్సు ఫీజులు వేరు. దిగుమతిదారు, హోల్‌సేల్, హోటల్ మార్జిన్లు ఆ పైన. కేంద్రం సుంకం సగానికి పడినా బిల్లు సగానికి పడదు. విశాఖలో పెద్ద హోటల్ మెనూలో ఉన్న సీసా శ్రీకాకుళం షాపులోకి వస్తుందనీ కాదు. కొనేవాళ్లు లేని సరుకుకి లైసెన్సుదారు చలువ గది కట్టడు.

ఇక ఆ 3,000లో ఎంత తోటది, ఎంత పేరుది? కొత్త ఓక్ పీపా ఒక్కటి లక్ష రూపాయల దాకా అవుతుంది, దాంట్లో పట్టేది 225 లీటర్లు, అంటే 300 సీసాలు. సీసాకి సుమారు మూడొందలు. చేత్తో కోత, ఏరివేత, రెండేళ్ల నిల్వ కలిపినా ప్రసిద్ధ షాటో సీసా తయారీ ఖర్చు దాని అమ్మకపు ధరలో చిన్న భాగమే. మిగతాది నేల విలువ, కొరత, పేరు. మూతోన్, లాఫీత్ లాంటి మొదటి తరగతి సీసాల దగ్గర ఆ పేరు వాటా విపరీతం. రెండో తరగతిలో ఉండి ధర పెంచడంలో కాస్త నిదానించే ఎస్టేట్లు కొన్ని ఉన్నాయి. లియోవిల్ బార్టన్‌కి ఆ పేరు తెచ్చింది 2022లో పోయిన ఆంథొనీ బార్టన్. పొరుగువాళ్లు అడిగినంత ఆయన అడిగేవారు కాదు. బోర్డోలో కుటుంబం వల్ల కొనేవాడికి కలిగిన లాభం లెక్కల్లో కనిపించే చోట్లలో అదొకటి.